బార్లీ నానబోసిన మా అక్క

అక్క పోయిందన్న కబురు నాకు కువైటులో, మిర్కాబ్ బజారులో, కుట్టుమిషను ముందు కూర్చుని ఉండగా అందింది. రంజాన్ పండుగ దగ్గర పడిన రోజులు. దుకాణం నిండా బేరాలు, బల్ల నిండా కత్తిరించి పెట్టిన గుడ్డలు. రాయచోటి నుంచి ఫోను చేసింది ఆమె మేనల్లుడు. వాడు నన్ను చిన్నత్తా అని పిలుస్తాడు.

"చిన్నత్తా, అత్త పోయింది" అన్నాడు.

"ఎప్పుడురా? ఎట్లా?"

"పొద్దున టీ తాగి గలాసు కింద పెట్టిన చప్పుడు ఇన్నా. ఇంగ ఏమన్నా మాట్లాడ్తాదేమో అనుకుంటి. మాట్లాడలా. రెండుసార్లు పిలిస్తి. దగ్గరికి పోయి చెయ్యి పట్టుకుంటి. చెయ్యి వెచ్చగానే ఉన్నింది చిన్నత్తా."

నా పక్క మిషను మీద పనిచేసే హైదరాబాదు మాస్టరు నా ముఖం చూసి చేతిలో పని ఆపాడు. మా అక్క చనిపోయిందన్నాను. "సొంత అక్కా?" అని అడిగాడు. అవునన్నాను. అబద్ధం చెప్తున్నట్టు అనిపించలేదు.

నిజానికి ఆమెకూ నాకూ ఏ చుట్టరికమూ లేదు. ఆమెది రాయచోటి దగ్గర పల్లె, నాది పీలేరు వైపు. నేను మొదట ముబారక్ అల్ కబీర్‌లో ఒక కువైటీల ఇంట్లో పనిమనిషిగా ఉండి, వాళ్ళు మంచిగా విడుదల ఇచ్చాక ఇఖామా, అంటే ఇక్కడ ఉండే పర్మిట్టు, మార్చుకుని కుట్టుపనికి వచ్చాను. అప్పుడు తల దాచుకోవడానికి చోటు వెతుక్కుంటూ అబూ హలీఫాలో ఒక ఫ్లాటుకు వెళ్ళాను. మన వైపు ఆడవాళ్ళం కొందరం కలిసి ఉండే ఇల్లు అది. నేను పెట్టె పట్టుకుని గుమ్మంలో నిలబడితే, లోపల మంచం మీద కూర్చున్న పెద్దామె నన్ను పైనుంచి కిందికి చూసి అడిగిన మొదటి మాట ఇది:

"గురక పెడతావా మే?"

"తెలీదక్కా."

"అయితే పెడతావులే. తెలిసినోళ్ళు ఎవురూ పెట్టరు." అని తన పక్క మంచం చూపించింది.

ఆ పక్క మంచం మీద ఏళ్ళ తరబడి పడుకున్నాను. ఆమెను తలచుకుంటే నాకు ముందు గుర్తుకొచ్చేది ఒక వాసన. సాయంత్రం పని నుంచి వచ్చి ఆమె జుట్టు విప్పుకుంటే రస్కులు కాల్చిన వాసన వచ్చేది. ఏదో బేకరీలో పని అనుకున్నాను. కొన్నిసార్లు ఆ వాసనకు తోడు ఇంకేదో పచ్చి ఆకు వాసన, చేదుగా. అడిగితే "దొరల ఇంట్లో వంట" అనేది. అంతకుమించి చెప్పేది కాదు. నేనూ తవ్వలేదు. గల్ఫుకు వచ్చిన ఆడవాళ్ళం ఒకరి పని గురించి ఒకరం ఎక్కువ అడగం.

తాగుడు మాట ఎత్తితే మాత్రం ఆమె ముఖం రాయిలా అయిపోయేది. బస్సులో ఎవడి దగ్గరన్నా ఆ వాసన వస్తే తర్వాతి స్టాపులో దిగి, ఎంత ఎండైనా నడిచి వచ్చేది. ఆమె మొగుడు బండల గనిలో పనిచేసేవాడట. సారా పొట్లాలు తాగి తాగి, ఒళ్ళంతా పచ్చబడి చనిపోయాడు. కూతురు అప్పటికి చిన్నపిల్ల. దాన్ని తన తల్లి దగ్గర వదిలి ఆమె కువైటు విమానం ఎక్కింది. "ఆ వాసన తగిలితే ఆయన మల్లా ఇంట్లోకి వచ్చినట్టుంటాది మే" అని ఒక్కసారే చెప్పింది.

అలాంటి మనిషి చేస్తున్న పని ఏమిటో తెలిసిన రోజు నేను నమ్మలేకపోయాను.

సముద్రం వైపు ఉన్న ఒక పెద్ద బిల్డింగులో జర్మనీ దంపతులు ఉండేవాళ్ళు. సారు మంచినీళ్ళు తయారుచేసే ప్లాంటులో ఇంజనీరు. పిల్లలు లేరు. పనిచేసేవాళ్ళందరూ యజమానురాలిని పిలిచినట్టే అక్క కూడా ఆ దొరసానిని మామా అనేది. మామా రైను నది ఒడ్డున ఒక పాత ఊళ్ళో పుట్టింది. ఆమె తండ్రికి అక్కడ చిన్న బీరు బట్టీ ఉండేదట. ఆ ఊరి బీరు వేరు. లేత బంగారు రంగులో, తేలికగా, సన్నటి చిన్న గ్లాసుల్లో తాగే బీరు. మామా ఆ బట్టీ మీది గదిలో పెరిగింది. కువైటులో కాపురం పెట్టిన నాటి నుంచి, చట్టం ఒప్పుకోదని తెలిసి కూడా, వంటింట్లో గుట్టుగా తమ ఇద్దరికి సరిపడా ఆ బీరు తానే చేసుకునేది.

తర్వాత మామాకు పక్షవాతం వచ్చింది. ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి. మాట తిరిగి వచ్చింది గానీ తిండి మీద ఆశ పోయింది. ఒకరోజు అక్కను దగ్గరికి పిలిచి, నువ్వు నాకు చేతులుగా ఉంటావా, నేను చెప్తాను, నువ్వు చెయ్యి అని అడిగింది. చెయ్యవలసింది ఏమిటో అర్థమయ్యేసరికి అక్క చేతిలోని గుడ్డ అక్కడే వదిలేసి బయటికి వచ్చి మెట్ల మీద కూర్చుండిపోయింది.

"పని మానేసి పోదామనే అనుకున్నా మే" అని నాతో చెప్పింది. "నా మొగుణ్ణి తిన్న ఆ తాగుడును నా చేత్తో నేను కాచల్లా? అంతలో ఆయమ్మ ఒంటి కాలు ఈడ్చుకుంటా, గోడ పట్టుకోని, తలుపు దాకా వచ్చింది. వచ్చి మెట్టు మీద నా పక్కన కూలబడింది. 'మా నాయన చేతి వాసన అది. తాగి పడిపోయేదానికి కాదు, ఒక్క గలాసు, శుక్రవారం అన్నంతో' అనింది. ఇద్దరమూ ఆడనే కూచోని ఏడిస్తిమి. ఆయమ్మకు నా ఏడుపు యాలనో తెలీదు. చెప్పినాక తెలుసుకునింది."

అక్క ఒక షరతు పెట్టింది. ఒక్క సీసా కూడా గడప దాటకూడదు, వచ్చిన చుట్టాలకు కూడా పొయ్యకూడదు. సారు ఒప్పుకున్నాడు. పోలీసులు వస్తే అంతా నాదేనని చెప్తానన్నాడు. "నిజం గూడా అదే గదా సారూ" అందట అక్క.

ఇదంతా నాకు చెప్పింది సాయం అవసరమై. ఒక వేసవిలో ఆమె మణికట్టు బెణికి, పెద్ద గిన్నె ఎత్తలేకపోయింది. నాకు సెలవు రోజు. వెంట తీసుకుపోయింది.

ఆ వంటిల్లు నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. కిటికీలోంచి సముద్రం. కిటికీ పక్కన చక్రాల కుర్చీలో మామా, తెల్లటి జుట్టు, ఒళ్ళో దువ్వెన. అక్క ముందే బార్లీ నానబోసి, గుడ్డలో కట్టి, మొలకలు తెప్పించి ఉంచింది. ఆ బార్లీ శుక్రవారం సంతలో గొర్రెల మేతకు అమ్మేదే. మొలకలు వచ్చిన గింజల్ని మేడ మీద ఆరబెట్టి, ఓవెన్‌లో సన్నటి వేడి మీద వేయించి పెట్టుకుంది. ఆమె జుట్టులో నాకు తగిలిన రస్కుల వాసన అదన్నమాట.

"ఇదేముంది మే, మనం పిల్లోళ్ళకు రాగిమాల్ట్ చేసినట్టే" అంది. "మొదటి దినం ఆయమ్మ మొలకల సంగతి చెప్పబోతే నేనే చెప్పినా. మా అమ్మ నేర్పింది నాకు, మీ నాయన నేర్పింది నీకు అని. ఎంత సంతోషపడిందో!"

మిక్సీలో పలుకులుగా ఆడించిన ఆ గింజల్ని వేడినీళ్ళలో కలిపి మూతపెట్టారు. నీళ్ళు మరిగితే పాడవుతుందట, చల్లారినా పాడవుతుందట. మామా కుర్చీలోంచే వేలు చూపించి "లాంగ్‌జామ్, లాంగ్‌జామ్" అంటోంది. నిదానం అని వాళ్ళ భాషలో. ఆ మాట అక్కకు పట్టుబడిపోయింది. నేను బస్సు కోసం పరిగెత్తినా, సంగటి తొందరగా కెలికినా "లాంగ్‌జామ్ మే" అనేది. ఫ్లాటులో మా అందరికీ వచ్చిన ఒకే ఒక్క జర్మను మాట అది.

తియ్యటి ఆ నీళ్ళను గుడ్డలో వడకట్టి, సారు సొంతూరి నుంచి టీ డబ్బాలో తెచ్చిన ఎండుపూలు వేసి మరిగించారు. అప్పుడు లేచింది ఆ చేదు ఆకు వాసన. చల్లారాక ఫ్రిజ్‌లోని చిన్న సీసా తీసి, అందులో ఉన్న మడ్డిలాంటి ఈస్టును కలిపింది అక్క. మనం పెరుగుకు ఉంచుకున్నట్టు ప్రతిసారీ కొంచెం మిగిల్చి దాచుకునేవాళ్ళు. అక్క దాన్ని "తోడు" అనేది. ఆ తోడు మామా వాళ్ళ ఊరిది. గిన్నెను ఏసీ ఉన్న చిన్న గదిలో పెట్టి మూతేశారు. అక్కడ అది రోజుల తరబడి నిదానంగా పులుస్తుందట. తర్వాత సీసాల్లోకి ఎత్తి ఫ్రిజ్ అడుగున వారాల పాటు ఉంచితే తేటబడుతుందట.

"రుచి చూడకుండా నీకెట్లా తెలుస్తుందక్కా?" అని అడిగాను.

"చెవి పెట్టి వింటా. గుసగుసలాడ్తాంటే బాగుండాదని. మాట నిలిచిపోతే అయిపోయిందని. నోట్లో మాత్రం పెట్టుకోను." చెయ్యి చెవి దగ్గర పెట్టి చూపించి, "మూత తీసి తీసి చూసేటోళ్ళకు ఏదీ కుదరదు మే" అంది. ఆ మాట ఆమె చాలా చోట్ల వాడేది. కూతురి కాపురం గురించి ఎవరన్నా గుచ్చి గుచ్చి అడిగితే కూడా అదే మాట.

మామా ఏదో అంది. అక్క నవ్వింది. ఏమన్నదని అడిగితే, "నా చెవి వాళ్ళ నాయన చెవంట" అని సిగ్గుపడింది.

ఆ మేనల్లుడు కువైటు వచ్చింది ఆ తర్వాతే. అక్క తమ్ముడి కొడుకు. అల్యూమినియం కిటికీలు చేసే వర్క్‌షాపులో పని. కంపెనీ వాళ్ళ క్యాంపులో నివాసం. ప్రతి శుక్రవారం అక్క వాణ్ణి మా బిల్డింగు కింద హోటలు బయటి బల్ల దగ్గర కూర్చోబెట్టి, పైనుంచి సంగటీ కోడికూరా తెచ్చి తినిపించేది. మా ఫ్లాటులోకి మగవాళ్ళను రానిచ్చేవాళ్ళం కాదు. వాడు చలాకీ మనిషి. పాటలు పాడేవాడు. ఏ అరబ్బీ మాటైనా విన్న వెంటనే పలికేవాడు.

ఒక శుక్రవారం నేనూ పక్కనే ఉన్నాను. వాడు ముద్ద నోట్లో పెట్టుకుని, గొంతు తగ్గించి అన్నాడు:

"అత్తా, నీ కొంగులో వాసన నాకు తెలుసులే. ఊర్లో ఉన్నప్పుడు బెంగళూరు పోతాంటి గదా, ఆడ బీరు అంగళ్ళలో ఇదే వాసన."

అక్క కూర గిన్నె కింద పెట్టింది.

"ఒక్క సీసా ఇయ్యత్తా. ఎవురికీ చెప్పను. మా రూములో వాళ్ళు తెచ్చేది గొంతులో పోసుకుంటే అగ్గి. నువ్వు చేసిందైతే మంచిది గదా, శుభ్రంగా చేస్తావు గదా."

"నువ్వు తాగుతాండావా?"

"అందరూ తాగుతారత్తా. దినమంతా ఎండలో చేసి వస్తే ఏం చెయ్యల్ల?"

"మీ మామను తిన్నదాన్ని నా చేత్తో నీకు పోస్తానా రా?" అంది అక్క. గొంతు పెంచలేదు. "అడిగినావంటే ఇంగ నా చేతి కూడు గూడా ఉండదు. ఆ రూములోళ్ళు తెచ్చేది గూడా ముట్టనని నా మీద ఒట్టు పెట్టు."

వాడు నవ్వుతూ ఆమె తల మీద చెయ్యి పెట్టాడు. కూర మరికొంచెం వేయించుకున్నాడు. యల్లా, పోయొస్తా అని వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత కొన్ని వారాలకు, దొంగసారా తాగి మనుషులు చచ్చిపోతున్నారని క్యాంపుల్లో గుప్పుమంది. అందులో ఏదో విషపు స్పిరిటు కలిపారట. దుకాణంలో నేను ఆ మాట వింటున్న సమయంలోనే అక్క దగ్గర నుంచి ఫోను వచ్చింది. ఒక్క మాటే. "వాడు ఆస్పత్రిలో ఉండాడంట, రా మే."

ఇద్దరం వెళ్ళాం. వార్డు బయట మనవాళ్ళు, నేపాలీలు, బెంగాలీలు గోడలకు ఆనుకుని నిలబడి ఉన్నారు. వాడి రూములో వాడి పక్కన పడుకునే నంద్యాల అబ్బాయి ఆ పొద్దునే పోయాడు. వీడికి రక్తం శుద్ధి చేసే యంత్రం తగిలించారు. మమ్మల్ని లోపలికి రానిచ్చేసరికి మధ్యాహ్నం దాటింది.

"అత్తా, నువ్వేనా?" అన్నాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి. "ఈ రూములో పొగమంచు పట్టినట్టుండాది. లైటు యెయ్యమను."

లైట్లన్నీ వెలుగుతూనే ఉన్నాయి. అక్క వాడి కాళ్ళ దగ్గర నిలబడింది. ఏడవలేదు. కాళ్ళ మీది దుప్పటి సరిచేసింది. మళ్ళీ సరిచేసింది. "ఏస్తార్లే నాయనా" అంది.

ఆ పొగమంచు వాడికి మళ్ళీ విడలేదు.

ఆ రోజుల్లో బిల్డింగుల్లో తనిఖీలు మొదలయ్యాయి. సారు భయపడ్డాడు. ఆయన భయం తన కోసం కాదు. కదలలేని భార్య, చిన్న గదిలో పులుస్తున్న గిన్నె, దాని పక్కన అక్క. అన్నీ పారబోయాలి అన్నాడు. బరువులు ఎత్తడానికి అక్క నన్ను మళ్ళీ పిలిచింది. అంతకు ముందే ఆమె మామాతో తన నిర్ణయం చెప్పేసింది. తనిఖీలు ఆగినా సరే, ఇక ఈ పని చెయ్యను అని. మామా ఒక పూటంతా కిటికీ వైపు ముఖం తిప్పుకుని కూర్చుందట.

సీసాలు ఒక్కొక్కటే తెచ్చి స్నానాలగదిలో పెట్టాను. అక్క తొట్టె అంచున కూర్చుని మూతలు తీసి పోస్తోంది. సారు మామా కుర్చీని గుమ్మం దాకా తోసుకొచ్చాడు. ఆ చిన్న గదంతా రొట్టెల వాసన నిండిపోయింది. సగం పైన అయ్యాక మామా చెయ్యి ఎత్తింది. ఒక్క గ్లాసు అడిగింది. అక్క లేచి, ఆ సన్నటి గ్లాసు తెచ్చి, నురగ పొంగకుండా వంచి పోసి, ఆమె కుడిచేతికి ఇచ్చింది. మామా కళ్ళు మూసుకుని తాగింది.

తర్వాత అక్క చేసిన పని నేను అనుకోనిది. సీసాలో మిగిలిన గుక్కెడు తన అరచేతిలో పోసుకుంది. తీర్థం పుచ్చుకున్నట్టు నోట్లో వేసుకుంది. ఏళ్ళ తరబడి తన చేత్తో చేసి, ఒక్కనాడూ నాలుకకు తాకించని మనిషి.

మింగి, ఖాళీ సీసాను తొట్టె అంచున పెట్టింది.

"ఇంతేనా?" అంది. నాతోనా, మామాతోనా తెలియదు. "కాల్చిన రొట్టె మాదిరి ఉండాది. రవ్వంత చేదు. అగ్గి ల్యా, మంట ల్యా." అప్పుడు ఆమె ఏడ్చేసింది. "ఇది ఇచ్చింటే వాని కండ్లు ఉండును గదా మే. నా దగ్గర పెట్టుకోని ఇయ్యకపోతి. దీన్ని చూసి ఆయన సారా అనుకుంటి. రెండూ ఒకటే అనుకుంటి."

మామాకు తెలుగు రాదు. కానీ అక్క ఏమంటోందో అడగవలసిన పని ఆమెకు లేకపోయింది. కుర్చీ దగ్గరికి రమ్మని సైగ చేసి, అక్క తడిచెయ్యి తన ఒళ్ళోకి తీసుకుంది. తర్వాత తనకూ అక్కకూ మాత్రమే అర్థమయ్యే ఇంగ్లీషూ అరబ్బీ కలిపి నిదానంగా చెప్పింది. అక్క నాకు దాన్ని తర్వాత తెలుగులో చెప్పింది. "ఇచ్చింటే మల్లా అడుగును, ఇయ్యకపోతే వేరే చోటికి పోయినాడు. వాడు ఏ దారిన పోయినా ఆ దారి నువ్వు ఏసింది కాదు అనింది. ఆయమ్మ మంచిది. అందుకే అట్ల అనింది." నమ్మినట్టు మాత్రం చెప్పలేదు.

చివరికి ఆ తోడు సీసా మిగిలింది. అక్కకు దాన్ని పారబోయడానికి చెయ్యి రాలేదు. మామా అడిగి తీసుకుని, మోకాళ్ళ మధ్య ఇరికించుకుని, ఒంటిచేత్తో మూత తిప్పి, సారు చేత కుర్చీ ముందుకు తోయించుకుని తానే వంపింది. నీళ్ళు కూడా తానే తిప్పింది.

మేనల్లుణ్ణి కంపెనీ ఖలాస్ అని లెక్క ముగించి ఇంటికి పంపించేసింది. వాడితో పాటే పోతానని అక్క పని వదులుకుంది. ఇక్కడే ఉండమని సారు బతిమాలాడు. మామా బతిమాలలేదు. పొమ్మంది. ఆ తర్వాత కొన్నాళ్ళకు వాళ్ళూ తమ దేశం వెళ్ళిపోయారు. మామా బతికున్నంత కాలం నెలకొకసారి అక్కకు ఫోను చేసేదట. ఇద్దరికీ ఫోనులో ఒకరి మాట ఒకరికి సగం అర్థమయ్యేది కాదు. అయినా పెట్టేసేవాళ్ళు కాదు.

ఊళ్ళో అక్కకు సుఖమేమీ ఎదురుకాలేదు. మేనల్లుడి తల్లి, అంటే అక్క మరదలు, గుమ్మంలోనే అనేసింది. "చేతిలో పెట్టుకోని గూడా ఇయ్యకపోతివి గదమ్మా." ఈ మాట అనడానికి ఆ సంగతి ఆమెకు ఎట్లా తెలుసు? అక్కే చెప్పింది. దాచుకుని ఆ ఇంట్లో అన్నం తినలేననుకుంది. మరదలు చాలాకాలం ఆమెతో ముఖం ఇచ్చి మాట్లాడలేదు.

మేనల్లుడు మాత్రం ఒకరోజు, అడక్కుండానే, అత్తతో అన్నాడట. "నువ్వు ఇచ్చింటే నీదీ తాగుదును, వాళ్ళదీ తాగుదును అత్తా. నా సంగతి నాకు తెలుసు." అది నిజమా, అత్త మనసు తేలిక చెయ్యడానికి అన్నాడా అని అక్క నన్ను ఫోనులో ఎన్నోసార్లు అడిగింది. నాకు మాత్రం ఏం తెలుసు? "నువ్వే వినక్కా, నీకు చెవుంది గదా" అన్నాను ఒకసారి. "మనిషి మీద మూత తియ్యలేము మే" అంది.

వాడు మొదట్లో గోడ వైపు తిరిగి పడుకుని ఉండేవాడట. తినడు, మాట్లాడడు, పాట అసలే లేదు. అక్క బతిమాలలేదు. ఒకనాడు రాగులు నానబోసి, మొలకలు వచ్చాక ఆ తడిగుడ్డ తెచ్చి వాడి మంచం మీదే పరిచింది. "ఇవి గంటకోసారి తిప్పకపోతే వేడెక్కి కుళ్ళిపోతాయి. నాకు పనుండాది" అని పొలానికి వెళ్ళిపోయింది. తిరిగి వచ్చేసరికి వాడు లేచి కూర్చుని, అరచేతులతో మొలకల్ని తిరగేస్తూ ఉన్నాడు. "మధ్యలో ఉడుకెక్కినాయి అత్తా" అన్నాడట, తిట్టినట్టు. అక్క ఆ మాట నాకు చెప్పేటప్పుడు ఫోనులోనే ఏడ్చింది. ఆమె ఏడవగా నేను విన్నది రెండోసారి.

వేయించేటప్పుడు ఏ వాసన దగ్గర దించాలో మామా నేర్పగా అక్కకు తెలుసు. అది వాడికి నేర్పింది. ఇప్పుడు వాడు చేసిన రాగిమాల్ట్ రాయచోటి అంగళ్ళలో అమ్ముతారు. కువైటు వచ్చేవాళ్ళ చేతికి ఇచ్చి అక్క నాకు కూడా పంపేది. పొట్లం విప్పితే ఆమె జుట్టు విప్పుకున్నట్టే ఉండేది. మరదలు కూడా ఇప్పుడు వాళ్ళతో కలిసి పనిచేస్తుంది. క్షమించిందో లేదో నాకు తెలియదు. అక్క పాడె లేచేటప్పుడు అందరికంటే పెద్దగా ఏడ్చింది ఆమేనని మేనల్లుడు చెప్పాడు.

మంచీ చెడూ చెప్పుకోవడానికి ఇవన్నీ రాశాను. ఆమె చేసిన పని ఈ దేశపు చట్టానికి తప్పు. అది ఆమెకూ తెలుసు. ఒక జబ్బుమనిషి ఆకలి కోసం తనకు అసహ్యమైన పనిని చేతుల్లోకి తీసుకుంది, ఒక పిల్లవాడి మేలు కోరి అదే చేతుల్ని ముడుచుకుంది. రెండూ ప్రేమతోనే చేసింది. రెండోదానికి ఆమె చెల్లించిన మూల్యం నేను చూశాను. నాకు చదువు తక్కువ. ఇందులో నీతి ఏమిటో చెప్పలేను. ఆమె పక్క మంచం దొరకడం నా అదృష్టమని మాత్రం చెప్పగలను.

ఆమెను నేను ఆఖరుసారి కళ్ళారా చూసింది కువైటు విమానాశ్రయంలో, వాళ్ళు వెళ్ళిపోయిన రోజు. చక్రాల కుర్చీ ఇస్తామంటే మేనల్లుడు వద్దన్నాడు. అక్క తన కొంగు చివర వాడి చేతికి చుట్టి, ముందు నడుస్తూ, కనబడిందల్లా చెప్పుకుంటూ పోతోంది. "నేల అద్దం మాదిరి ఉండాది, మెల్లగా. కుడి పక్క పిల్లోళ్ళు పెట్టెల మీద పడుకున్నారు. ముందర ఒక అరబ్బీ ముసలాయన, చేతి మీద గద్దను పెట్టుకోని నిలబడినాడు."

వాడు ఆగాడు. "గద్దనా? ఇంతమంది జనంలో బెదరదా అత్తా?"

అక్క కూడా ఆగి వెనక్కి తిరిగింది. నేను ఆమె వెనకే ఉన్నాను. ఆ గద్ద కళ్ళ మీద చిన్న తోలుటోపీ ఉంది. వేట పక్షులకు ప్రయాణాల్లో అట్లా కడతారు. ఆమె దాన్ని చూసింది, వాణ్ణి చూసింది.

"కండ్లకు టోపీ పెట్టినారు నాయనా" అంది. "చూపు ల్యా దానికి. నిమ్మళంగా కూచోనుండాది."

అన్నాక ఆమె ఆ ముసలాయన దగ్గరికి నడిచి, వంగి, "బాబా, హాదా మా యిషూఫ్" అంది. వీడికి కళ్ళు కనబడవు అని. ఆయన మేనల్లుడి ముఖంలోకి కాసేపు చూశాడు. పక్షి ఉన్న చేతిని నెమ్మదిగా కిందికి దించాడు. అక్క వాడి మణికట్టు పట్టుకుని, వేలి వెనక వైపు దాని రొమ్ము మీది ఈకలకు ఆనించింది.

గద్ద ఒకసారి రెక్కలు సర్దుకుని ఊరుకుంది. విమానం వేళయిందని మైకులో పిలుస్తున్నారు. జనం పెట్టెలు తోసుకుంటూ వాళ్ళను దాటి పోతున్నారు. వాడి వేలి కింద ఆ ఈకలు లేస్తూ, పడుతూ ఉన్నాయి. ముగ్గురిలో ఎవరూ చెయ్యి వెనక్కి తీసుకోలేదు.